జూమ్ అంకెను చూసి కెమెరా కొనకు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

పిట్టల ఫోటోల కోసం కొందామని నువ్వు రాసిన రెండు కెమెరాల వివరాలు చదివాను. ఒకటి నికాన్ కూల్‌పిక్స్ పీ950. లెన్స్ దానికే అతుక్కుని ఉంటుంది, ఊడదీయడం మార్చడం ఉండదు. దుకాణాల వాళ్లు బ్రిడ్జ్ కెమెరా అనేది ఇలాంటి దాన్నే. రెండోది కెనాన్ ఆర్10. ఇది లెన్సులు మార్చుకునే మిర్రర్‌లెస్, అంటే లోపల అద్దం లేని కెమెరా. దానికి 100-400 మిల్లీమీటర్ల జూమ్ లెన్స్ విడిగా కొనాలి. రెండో జోడీకి దాదాపు రెట్టింపు డబ్బు అవుతుంది. "ఒకదాని మీద 2000 అని ఉంది, ఇంకోదాని మీద 400 అనే ఉంది. ఎక్కువ డబ్బు పెట్టి తక్కువ దూరం ఎందుకు కొనాలి మామయ్యా?" అని అడిగావు. అడగవలసిన ప్రశ్నే. జవాబు కాస్త పొడుగు, ఓపిక పట్టు.

ముందు ఆ అంకెల సంగతి. పీ950 పెట్టె మీద ఉన్న 2000 మిల్లీమీటర్లు అసలు కొలత కాదు. పాత ఫిల్ము కెమెరా లెక్కలోకి మార్చి వేసిన అంకె. లెన్స్ అసలు కొలత, అంటే ఫోకల్ లెంగ్త్, 357. ఆర్10 లెన్స్ మీద ఉన్న 400 మాత్రం అసలు కొలతే. దాన్నీ అదే ఫిల్ము లెక్కలోకి మారిస్తే 640 అవుతుంది. కాబట్టి వీటి మధ్య తేడా అయిదింతలు కాదు, మూడింతల పైచిలుకు. అదీ చిన్న తేడా ఏమీ కాదు, కానీ ప్రకటన చెప్పేంత మాత్రం కాదు.

ఇక సెన్సర్, అంటే వెలుతురు పడి ఫోటో తయారయ్యే పలక. ఆర్10 సెన్సర్ వైశాల్యం పీ950 సెన్సర్ కంటే దాదాపు పన్నెండింతలు. ఈ మాట విన్న వాళ్లంతా "అయితే బ్రిడ్జ్ కెమెరా బొమ్మ కెమెరా" అని తేల్చేస్తారు. నేను ఒప్పుకోను. దూరపు పిట్ట మీద నుంచి వచ్చే వెలుతురులో ఎంత లోపలికి వస్తుందనేది లెన్స్ ద్వారం వెడల్పును బట్టి ఉంటుంది. లెన్స్ అసలు కొలతను దాని ఎఫ్ అంకెతో భాగిస్తే ఆ వెడల్పు తెలుస్తుంది. పీ950 పూర్తి జూమ్‌లో 357ని 6.5తో భాగించు, 55 మిల్లీమీటర్లు. ఆర్10 లెన్స్ చివరన 400ని 8తో భాగించు, 50. చూశావా, చెరువు అవతలి గట్టున కూర్చున్న కొంగ విషయంలో రెండూ ఇంచుమించు సమానమే. పైగా ఆర్10లో ఆ కొంగ ఫోటో మధ్యలో చుక్కలా పడుతుంది. చుట్టూ కత్తిరించి పీ950 చూపినంత పెద్దది చేస్తే 24 మెగాపిక్సెళ్లలో రెండున్నర మిగులుతాయి.

అదే పిట్ట దగ్గరికి వచ్చిందనుకో, కథ తిరగబడుతుంది. ఆర్10 చివరి జూమ్‌లో ఫ్రేము నిండేంత దగ్గరగా ఉన్న పాలపిట్టను పీ950తో తీయాలంటే జూమ్ వెనక్కి తగ్గించాలి. అక్కడ లెన్స్ అసలు కొలత 114 మిల్లీమీటర్లే. ఎఫ్5 అనుకున్నా ద్వారం 23కి కుంచించుకుపోతుంది. ఆర్10కి మాత్రం ఆ 50 అలాగే ఉంటుంది. అంటే నాలుగింతలకు పైగా ఎక్కువ వెలుతురు. ఈకల మీది నీలం పలుచన కాకుండా నిలిచేది, మబ్బు పట్టిన ఉదయం కూడా మెడ దగ్గరి చారలు విడివిడిగా కనిపించేది ఇందువల్లే.

అందుకే ఏ కెమెరా అని అడిగేముందు ఏ చెరువు అని అడుగుతాను. మా గుంటూరు పక్కన ఉప్పలపాడులో ఊరి చెరువులోని చెట్ల మీదే కొంగలు, గూడబాతులు గూళ్లు కడతాయి. గట్టు మీద నిలబడితే చాలు, 2000తో పని లేదు. కైకలూరు దగ్గర ఆటపాకలో పడవ ఎక్కితే గూడబాతులు ఇంకా దగ్గర. కానీ పడవ ఊగుతుంది, పూర్తి జూమ్‌లో పిట్ట ఫ్రేములో నిలవదు. పులికాట్‌లో ఫ్లెమింగోలు ఎక్కడో నీళ్ల మధ్య గులాబీ గీతలా ఉంటాయి. అక్కడ బ్రిడ్జ్ కెమెరాకే మొగ్గు, అదీ ఉదయం ఎనిమిదిలోపే. ఎండ ఎక్కాక నీటి మీద వేడి గాలి సుడులు తిరుగుతుంది. నువ్వు ఎంత జూమ్ చేస్తే ఆ వణుకు అంత పెద్దదై కనిపిస్తుంది. లక్షలు పోసి కొన్న లెన్స్ అయినా అక్కడ చేయగలిగింది లేదు. అలాంటప్పుడు ఫోకస్ తప్పిందని కెమెరాను తిట్టేవాళ్లను చాలామందిని చూశాను.

నువ్వు ఆదివారాలు వెళ్లేది హైదరాబాద్ శివారు అమీన్‌పూర్ చెరువుకు. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తించిన చెరువు అది. అక్కడ దూరపు బాతులూ ఉంటాయి, దగ్గరి తుమ్మకొమ్మ మీద లకుముకి పిట్టా ఉంటుంది. చెరువును బట్టి తేల్చలేం కాబట్టి, నీ ఉత్తరంలో నువ్వు మురిసిపోతూ రాసిన ముక్కనే పట్టుకుంటాను. ఆ నలుపు తెలుపు లకుముకి పిట్ట నీళ్లలోకి దూకే ఫోటో కావాలన్నావు.

ఆ పిట్టను జాగ్రత్తగా చూడు. నీటికి నాలుగైదు నిలువుల ఎత్తున గాలిలో ఒకేచోట నిలుస్తుంది. రెక్కలు మసకబారేంత వేగంగా ఆడుతుంటాయి. ముక్కు కిందికి, తల మాత్రం మేకు కొట్టినట్టు కదలదు. చేప గురి కుదిరితే రెక్కలు ముడిచి నిట్టనిలువుగా పడుతుంది. కుదరకపోతే పక్కకు జరిగి మళ్లీ నిలుస్తుంది. నీకు దొరికే సమయం ఆ నిలిచిన కొద్ది క్షణాలే. పీ950 పూర్తి జూమ్‌లో యాభై మీటర్ల దూరాన నీ ఫ్రేము వెడల్పు ఒక మీటరు కూడా ఉండదు. ఆకాశంలో ఆ మీటరు ముక్కలో పిట్టను వెతుక్కోవాలి. లెన్స్ పక్కన ఒక బొత్తాం ఉంది, నొక్కి పట్టుకుంటే జూమ్ వెనక్కి వెళ్లి పిట్ట ఎక్కడుందో చూపిస్తుంది, వదిలితే మళ్లీ ముందుకు వస్తుంది. మంచి ఏర్పాటే, కూర్చున్న పిట్టకు. మోటారు ముందుకూ వెనక్కూ నడిచేలోపు లకుముకి పిట్ట చేప మింగేసి ఉంటుంది. పోనీ పిట్ట దొరికిందనుకో, వరుసగా పది ఫోటోలు తీసి, వాటిని కార్డులోకి రాసుకునేదాకా ఆ కెమెరా ఆగిపోతుంది. పిట్ట దూకేది సరిగ్గా అప్పుడే.

ఆర్10లో అదే దూరాన ఫ్రేము వెడల్పు మూడు మీటర్లకు కాస్త తక్కువ. జూమ్ రింగు చేత్తో తిప్పేది కాబట్టి కన్ను తీయకుండానే వెడల్పు చేసుకోవచ్చు. ఫోకస్ పిట్టను గుర్తుపట్టి వెంటాడుతుంది, మెకానికల్ షట్టర్‌తోనే సెకనుకు పదిహేను ఫోటోలు వస్తాయి. ఎగిరే పిట్టకు షట్టర్ రెండు వేలలో ఒక వంతు సెకను దగ్గర పెట్టాలి. ఎఫ్8తో పొద్దున్నే అది కుదరాలంటే ఐఎస్‌వో, అంటే తక్కువ వెలుతురులోనూ ఫోటోను ప్రకాశవంతం చేసే అమరిక, బాగా పెంచాలి, ఫోటోలో గరుకు వస్తుంది. ఈ లెన్స్‌కున్న లోటు అదే. దుమ్ము, వాన తట్టుకునే కట్టుదిట్టం కూడా దీనికి లేదు. చినుకు పడితే సంచిలో పెట్టేయాలి.

బరువు గురించి భయపడ్డావు. అక్కర్లేదు. పీ950 బరువు కిలో మీద అయిదు గ్రాములు, ఆర్10కి ఈ లెన్స్ తగిలిస్తే కిలో మీద అరవై చిల్లర. సంచీకి తేడా తెలియదు.

తేమ సంగతి ఎవరూ చెప్పరు గానీ మనవైపు అదే ముఖ్యం. వానాకాలంలో బీరువాలో మూసి ఉంచితే లెన్స్ లోపల బూజు పడుతుంది. విడి లెన్స్‌కు పడితే దాన్ని ఒక్కదాన్నే బాగుచేయించుకోవచ్చు. అతుక్కున్న లెన్స్ అయితే కెమెరా మొత్తం విప్పాలి, కొన్నిసార్లు కూలి కెమెరా ధరకు దగ్గరవుతుంది. ఏది కొన్నా గాలి చొరని డబ్బా, సిలికా జెల్ పొట్లాలు అదే రోజు కొను.

ఇప్పుడు దుకాణం. కోఠి వైపు కెమెరా దుకాణాలకు నీ మెమరీ కార్డు నువ్వే పట్టుకుని వెళ్లు. లోపల ట్యూబులైటు కింద కౌంటరును ఫోటో తీసి సంబరపడకు. గుమ్మం దాకా తీసుకురమ్మని అడుగు. ఎదురు దుకాణం బోర్డు మీది చిన్న అక్షరాలు పూర్తి జూమ్‌లో తీయి. తరువాత నీడలో ఉన్న కరెంటు తీగ మీది కాకిని, ఆ తరువాత ఎగిరే పావురాలను. మొజంజాహి మార్కెట్ ఉన్న ఊళ్లో పావురాలకు కరువేమిటి! రెండు కెమెరాలతోనూ అవే మూడు తీయాలి. అక్కడి చిన్న తెర మీద ఏదైనా బాగానే ఉంటుంది, ఇంటికి వెళ్లి కంప్యూటర్‌లో పిట్టను ఒకే సైజుకు తెచ్చి పక్కపక్కన పెట్టి చూడు. గుమ్మం దాటనివ్వం అన్న దుకాణంలో కొనకు. ధర బాగా తగ్గించి చెబితే మన దేశంలో వారంటీ ఉందో లేదో అడుగు, జీఎస్‌టీ బిల్లు మీద సీరియల్ నంబరు వేయించుకో, అది కెమెరా అడుగున ఉన్నదానితో సరిపోవాలి.

నా ఓటు ఆర్10కే. ఆ దూకే పిట్ట కోసమే. బాడీతో పాటు అంటగట్టే చిన్న లెన్స్ వద్దను, ఆ డబ్బుతో రెండో బ్యాటరీ వస్తుంది. డబ్బు సరిపోకపోతే అప్పు చేయవద్దు, పీ950 కొనుక్కో. కనిపించిన ప్రతి పిట్ట పేరూ తెలుసుకోవడానికి, ముక్కు ఆకారం, కాళ్ల రంగు చూసి పుస్తకంతో పోల్చుకోవడానికి దాన్ని మించింది ఆ ధరలో లేదు. కొన్నాక ఎగిరే పిట్టల కోసం దానితో కుస్తీ పట్టకు. ఒకటి కొని ఏడాదిలో అమ్మి ఇంకోటి కొందాం అనే ఆలోచన మాత్రం మానుకో. ఎలక్ట్రానిక్ సరుకు పాతబడితే ఎంతకు పోతుందో మీ అమ్మను అడుగు, ఇంట్లో పాత టీవీ అమ్మింది తనే.

దుకాణంలో తీసిన ఫోటోలు నాకూ పంపు. వాట్సాప్‌లో వద్దు, కుదించి అన్నిటినీ ఒకేలా చేస్తుంది. అసలు ఫైళ్లే ఈమెయిల్‌లో పెట్టు, రాత్రి కూర్చుని చూసి చెబుతాను.

ఇట్లు
మీ మామయ్య