ఎన్ని విజిల్స్ వచ్చినా శనగలు ఉడకకపోతే

రాత్రంతా నానబెట్టిన కాబూలీ శనగలు ఎనిమిది విజిల్స్‌కి కూడా మెత్తబడలేదన్నారు. బోరు నీళ్లు, పైగా టమాటా ముందే వేశారు. కుక్కర్‌ని అనుమానించక్కర్లేదండీ. బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం గింజలోని పెక్టిన్‌ని, అంటే కణాల్ని అతికించి ఉంచే జిగురు లాంటి పదార్థాన్ని, బిగించేస్తాయి. పులుపూ పెక్టిన్‌ని కరగనివ్వదు. అందుకే టమాటా, చింతపండు గింజ మెత్తబడ్డాకే వేయాలి. ఉప్పుతో మాత్రం భయం లేదు, నానబెట్టే నీళ్లలో వేస్తే పొట్టు మెత్తబడుతుంది కూడా.

ఈసారి ఫిల్టర్ నీళ్లు వాడండి. కప్పు శనగలకి నాలుగు కప్పుల నీళ్లు, చెంచా ఉప్పు, పావు చెంచా వంటసోడా వేసి నానబెట్టండి. 8 గంటలయ్యాక వంపేసి కడిగి, కొత్త నీళ్లు రెండంగుళాలు పైకి పోయండి. సోడా ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది, జాగ్రత్త. మొదటి విజిల్ రాగానే సిమ్‌లో 15–20 నిమిషాలు. ఆవిరి దానంతటదే పోనివ్వండి.

నానబెట్టడం మర్చిపోతే 2 నిమిషాలు మరిగించి, గంటసేపు మూతపెట్టి, ఆ నీళ్లు వంపేసి వండండి.

ఇంత చేసినా ఉడకలేదంటే సరుకు పాతది. పిండి పట్టించేయండి.