కారు సంగతి తర్వాత, ముందు అన్నయ్య దగ్గరికి వెళ్లండి

ప్రశ్న: మాది విజయనగరం, దాసన్నపేట. నేను చాలా ఏళ్లుగా హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. నాన్నగారు 1974లో కొన్న అంబాసిడర్ మార్క్ 2 మా ఇంటి వెనక షెడ్డులో ఉంది. 2011లో ఆగిపోయింది. 2014లో హుద్‌హుద్ తుఫానుకి షెడ్డు రేకులు లేచిపోతే అన్నయ్య మళ్లీ వేయించలేదు. అప్పటి నుంచి వానలకు నాని తుప్పు పట్టింది. నాన్న 2013లో పక్షవాతంతో మంచాన పడి 2017లో పోయారు. నేను నెలనెలా మందులకు డబ్బు పంపాను. ఆయనకు ఆ కారంటే ప్రాణం. మంచాన పడ్డాక కూడా సాయంత్రాలు అన్నయ్య ఆయన్ని ఎత్తుకెళ్లి కారు ముందు సీట్లో కూర్చోబెట్టేవాడని అమ్మ చెప్పింది. ఇప్పుడు అన్నయ్య షెడ్డు తీసేసి ఆ జాగాలో అమ్మకి బాత్‌రూముతో గది వేస్తానంటున్నాడు. కారు విప్పి పార్టులు అమ్మితే అరవై వేలు వస్తాయట. నేను వైజాగ్ నుంచి ఒక మెకానిక్‌ని పంపి చూపించాను. నాలుగున్నర లక్షలవుతుందన్నాడు, డీజిల్ ఇంజిన్ పెట్టిస్తే ఇంకా మేలన్నాడు. అతను వెళ్లినప్పుడు అన్నయ్య కొట్లో ఉన్నాడు, వదిన తలుపు తీసింది. అంతదానికే అన్నయ్య ఫోన్ చేసి నానా మాటలన్నాడు. ఆర్నెల్లుగా మాటల్లేవు. అన్నయ్యకి పాత వస్తువుల విలువ తెలియదు, వదిన చెప్పిందే వేదం. టెక్కలిలో ఉన్న అక్కని అడిగితే మీరూ మీరూ చూసుకోండంది. కారులో సగం నాది. రిపేరు చేయించాలా, పార్టులు అమ్మేయాలా?

జవాబు: బాబూ, మీ ఉత్తరం పెద్దది. ఇక్కడ కుదించి ఇచ్చాను. అసలు ఉత్తరంలో ఒకటిన్నర పేజీ కారు గురించే ఉంది. ఏ తలుపు కింద రేకు ఊడిందో, ఏ లైటు రింగు పోయిందో కూడా రాశారు. అన్నయ్య గురించి రాసింది నాలుగైదు వాక్యాలు, దాదాపు అన్నీ ఫిర్యాదులే. ఆయనకెంత మంది పిల్లలో, ఒంట్లో ఎలా ఉంటోందో, కొట్టు ఎలా నడుస్తోందో ఒక్క ముక్క లేదు.

కారు ప్రశ్నకు జవాబు చెబుతాను, అదేమంత కష్టమైంది కాదు. నన్ను పట్టుకున్నది వేరే వాక్యం. నాన్నకు కారంటే ఎంత ప్రేమో చెప్పడానికి మీరు ఆ ముందు సీటు సంగతి రాశారు. ఒక్కసారి ఆలోచించండి. పాత అంబాసిడర్‌కి ముందు ఒకటే పొడుగు సీటు. గేరు రాడ్డు స్టీరింగ్ పక్కనే ఉంటుంది కాబట్టి మధ్యలో ఏదీ అడ్డు రాదు. పక్షవాతం వచ్చిన మనిషిని సీట్లో కూర్చోబెట్టి వదిలేస్తే ఒక పక్కకి ఒరిగిపోతాడు. ఎవరో ఒకరు పక్కనే కూర్చుని, భుజం ఆనించి, పడిపోకుండా పట్టుకోవాలి. కొట్టు కట్టేసి వచ్చిన మీ అన్నయ్య, కదలని కారులో, నాన్నని ఒళ్లో ఆనించుకుని కూర్చుని ఉంటాడు. ఒకరోజు కాదు, చాలా సాయంత్రాలు. మంచం మీంచి ఎత్తడం, గుమ్మం దాటించడం, కాళ్లు లోపల పెట్టడం, మళ్లీ అలాగే తీసుకురావడం. బరువు తెలిసినవాళ్లకే తెలుస్తుంది. అలాంటి మనిషిని పట్టుకుని విలువ తెలియదంటున్నారు మీరు.

రేకులు వేయించలేదన్న ఫిర్యాదు చూద్దాం. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబర్ 12న. విశాఖ దగ్గర తీరం దాటి, విజయనగరాన్నీ శ్రీకాకుళాన్నీ కూడా ఊడ్చేసింది. ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు, నీళ్లకు బిందెలు పట్టుకుని తిరిగారు. అప్పటికి ఏడాదిగా మీ నాన్నగారు మంచంలో ఉన్నారు. ఫ్యాన్ తిరగని ఇంట్లో, మంచాన ఉన్న తండ్రికి పుండ్లు పడకుండా అటూ ఇటూ తిప్పుతున్న మనిషికి కారు షెడ్డు గుర్తుకు రావాలా? సరే, ఆయనకు తీరలేదు. ఆ తర్వాత ఇన్నేళ్లలో రేకుల ఖర్చు మీరే పంపి ఉండొచ్చు కదా. ఆ కారు మీకూ ప్రాణమే అయితే 2015లో ఏమైంది, 2016లో ఏమైంది?

మందులకు డబ్బు పంపానన్నారు. అది చిన్న విషయమని నేననను. దూరాన ఉన్న కొడుకు చేయగలిగింది చేశారు. కానీ దగ్గర లేకపోయానన్న బాధ మీలో ఉంది. ఉత్తరం నిండా అదే కనిపిస్తోంది. ఆ బాధని కారు మీద తీర్చుకుందామనుకుంటున్నారు. కారుని నిగనిగలాడించి ఇంటి ముందు నిలబెడితే, వీధిలో అందరూ ఆ చిన్నకొడుక్కి తండ్రంటే ఎంత ప్రేమో అనుకుంటారు. మరి దాన్ని తుప్పు పట్టనిచ్చిన కొడుకు ఎవరవుతారు? ఈ సంగతి మీకు తట్టలేదు గానీ అన్నయ్యకి తట్టింది. ఫోన్‌లో ఆయన అరిచింది అందుకే అని నా అనుమానం. మెకానిక్ ఒక సాకు.

ఆ మెకానిక్ సంగతి కూడా చిన్నదిగా తీసేయకండి. మగవాళ్లు లేని వేళ ఎవరో వచ్చి, మీ మరిది పంపారు, వెనక షెడ్డు చూడాలంటే వదిన ఏం చేస్తుంది? తలుపు తీయకపోతే మరిదిని అవమానించినట్టు. తీస్తే భర్తకి చెప్పకుండా ఎవరినో రానిచ్చినట్టు. ఆవిడని అలా ఇరకాటంలో పెట్టి, ఆపైన ఆవిడ చెప్పిందే వేదం అని నాకు రాస్తున్నారు. మంచాన పడ్డ మామగారున్న ఇంట్లో నాలుగేళ్లు దుప్పట్లు ఎవరు ఉతికారో మీకు తెలియదా? ఆ మాట ఇంకెక్కడా అనకండి. మీ ఆవిడ దగ్గర కూడా అనకండి.

సగం నాది అన్నారు. అదీ తప్పే. నాన్నగారు వీలునామా రాయకపోతే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన సొంత ఆస్తి అమ్మకి, అక్కకి, అన్నయ్యకి, మీకు సమానంగా వస్తుంది. అంటే మీది పావు. లెక్క వేసేటప్పుడు ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లని మర్చిపోయారు. మీరూ మీరూ చూసుకోండి అన్న మీ అక్క వాటా వదులుకుందని అనుకోకండి. ఇద్దరు తమ్ముళ్ల మధ్య ఎవరి పక్షం మాట్లాడినా పుట్టింటి గుమ్మం ఒకటి మూసుకుపోతుందని భయపడి ఉంటుంది.

నా నమ్మకం ఒకటి దాచకుండా చెబుతాను. వాటాలు అందరికీ సమానమే, అలాగే ఉండాలి. పొలమైనా ఇల్లయినా అన్నయ్యకి భయపడి మీది వదులుకోమని నేనెప్పుడూ చెప్పను. కానీ తల్లిదండ్రుల జ్ఞాపకాలు ముడిపడ్డ వస్తువు దగ్గరికి వచ్చేసరికి, మంచం పక్కన నిలబడ్డ మనిషి మాట ముందు వినాలి. మిగతా పిల్లలు ఆ మనిషికి ఇవ్వాల్సిన కనీస గౌరవం అది. పైగా ఆయన ఆ జాగా అడుగుతున్నది తన కోసం కాదు. అమ్మకి గది కోసం. అమ్మకి మోకాళ్లు వంగడం లేదని, బాత్‌రూముకి పెరట్లోకి వెళ్లాల్సి వస్తోందని మీరే రాశారు, అదీ ఉత్తరం చివర్లో ఒక మూల. రాత్రి పూట తడి నేల మీద ఆవిడ ఒక్కసారి జారితే తుంటి ఎముక విరుగుతుంది. ఆ వయసులో తుంటి విరిగితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

ఇక కారు. అంబాసిడర్‌కి లారీలా విడిగా ఛాసిస్, అంటే కింది ఇనుప చట్రం, ఉండదు, బాడీయే బరువంతా మోస్తుంది. అందుకే దానికి తుప్పు ఇంజిన్ జబ్బు కన్నా పెద్ద జబ్బు. బిగిసిపోయిన ఇంజిన్‌ని బాగుచేయొచ్చు. ప్లగ్గులు తీసి సిలిండర్లలో ఆయిల్ పోసి కొన్నాళ్లు నాననిచ్చి, హ్యాండిల్‌తో మెల్లగా తిప్పి చూస్తారు. కదలకపోతే విప్పి, సిలిండర్లను లోపల తొలిచి రీబోర్ చేస్తారు. బాడీ అలా కాదు. బాడీ రేకు పని తెలిసిన టింకరింగ్ మనిషిని కింద పడుకోబెట్టి, కాళ్ల కింది రేకు, తలుపుల కింది అంచులు, డిక్కీ అడుగు, వెనక కమాన్ పట్టీలు (చక్రాల పైని స్ప్రింగులు) బిగించిన చోట్లు, వీటిని స్క్రూడ్రైవర్‌తో పొడిపించి చూడండి. పైపొర మాత్రమే రాలితే ఆశ ఉంది. కమాన్లు బిగించిన చోట స్క్రూడ్రైవర్ లోపలికి దిగిపోతే ఆ కారు మీద డబ్బు పోయకండి. పుట్టీ పెట్టి రంగు కొడితే చూడ్డానికి బాగుంటుంది, ఎక్కినవాళ్ల ప్రాణానికి మాత్రం పూచీ ఉండదు.

డీజిల్ ఇంజిన్ సలహా మాత్రం వినకండి. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన కారుని వింటేజ్ వాహనంగా నమోదు చేయించుకోవచ్చు. ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. మీది 1974 బండి కాబట్టి వయసు సరిపోతుంది. కానీ అసలు రూపంలోనే ఉండాలి. ఇంజిన్ మార్చినా, బాడీని బాగా మార్చినా ఆ అర్హత పోతుంది. అర్హత వచ్చినా రోజూ తిప్పుకోవడానికి కుదరదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు బయటికి తీయొచ్చు, అంతే. దీనికోసం నాలుగున్నర లక్షలు. తుప్పు బండి విప్పాక మొదట చెప్పిన అంకె దగ్గర ఆగడం అరుదు. మీ ఆవిడ కూడా వద్దందని రాశారు. ఆవిడ మాటలో న్యాయం ఉంది.

పార్టులుగా అమ్మినా ఒక జాగ్రత్త. బండి ఇంకా నాన్నగారి పేరు మీదే ఉంది. యజమాని పోతే వారసులు 30 రోజుల్లో రవాణా శాఖకి తెలియజేసి, మూడు నెలల్లో ఫారం 31తో బదిలీకి దరఖాస్తు చేసుకోవాలి. మీ ఇంట్లో ఆ పని ఎవరూ చేయలేదు. నలుగురి సంతకాలతో ఆ కాగితాలు సరిచేసి, ఆర్సీ రద్దు చేయించాకే తుక్కువాడికి ఇవ్వాలి. బాడీ మీద ఛాసిస్ నంబరు కొట్టిన ముక్కని ఊరికే వదిలేస్తే, రేపు అదే నంబరు ఇంకో బండి మీద తిరుగుతుంది, పోలీసులు మీ నాన్నగారి పేరు వెతుక్కుంటూ మీ గుమ్మం ఎక్కుతారు. మీ జిల్లా ఏర్పడింది 1979లో. మీ ఊరు అంతకుముందు విశాఖ జిల్లాలో ఉండేది కాబట్టి పాత రికార్డు కోసం కొంచెం తిరగాల్సి రావచ్చు. ఆ తిరుగుడు మీరు తిరగండి, అన్నయ్య మీద వేయకండి.

చేయించాలా అమ్మాలా అన్నది అన్నయ్యనే తేల్చనివ్వండి. ఆయన అమ్ముదామంటే అమ్మేయండి. నాన్న కూర్చున్న సీటు ఒకటి ఉంచుకుందామని ఆయనే అంటే, అది ఆయన ఇంట్లోనే ఉండనివ్వండి.

ఏటా పైడితల్లమ్మ సిరిమాను పండగకి వెళ్తానని రాశారు. ముందు రోజు తొలేళ్ల నాడు దిగి, మంగళవారం మూడు లాంతర్ల దగ్గర సిరిమాను చూసి, బుధవారం పొద్దున్నే బండెక్కే మనిషి ఆ ఇంటికి చుట్టమే. ఈసారి పండగ దాకా ఆగకండి. మామూలు రోజుల్లో వెళ్లండి, మీ ఆవిడని, పిల్లల్ని తీసుకెళ్లండి. ముందుగా ఫోన్‌లో సంజాయిషీలు చెప్పకండి, మెసేజ్‌లు పెట్టకండి. దిగగానే ముందు ఇంటికి వెళ్లి వదినకి చెప్పండి, మీకు చెప్పకుండా మనిషిని పంపాను, తప్పయింది వదినా అని. సాయంత్రం కొట్టు దగ్గరికి వెళ్లండి. బేరాలుంటాయి, ఆయన మాట్లాడకపోవచ్చు. స్టూలు లాక్కుని కూర్చోండి. కొట్టు కట్టేసే వేళకి షట్టరు మీరు దించండి, ఇద్దరూ నడిచి ఇంటికి వెళ్లండి. దారిలో ఆయన అరిస్తే అరవనివ్వండి. ఆర్నెల్ల మాటలు ఆయన లోపలున్నాయి.

మర్నాడు మేస్త్రీని పిలిపించి అమ్మ గదికి ఎంతవుతుందో ఇద్దరూ కలిసి అడగండి. కారుకని మీరు పక్కన పెట్టుకున్న డబ్బులోంచి మీ వాటా అక్కడే ఇవ్వండి. వెస్టర్న్ కమోడ్, గోడకి పట్టుకునే కడ్డీ, జారని టైల్స్ తప్పనిసరిగా పెట్టించమనండి. అక్కడి నుంచే అక్కకి ఫోన్ చేసి అన్నయ్య చేతికి ఇవ్వండి.

ఆర్సీ అమ్మ బీరువాలో ఉందని రాశారు. ఈ ప్రయాణంలో దాని గురించి అడగకండి. రెండోసారి వెళ్లినప్పుడు అడుగుదురు గాని.