ప్లస్ తీగ తగిలించగానే నిప్పురవ్వ: గుణుపూర్ తమ్ముడికి

తమ్ముడూ, రెండు 12 వోల్టుల బ్యాటరీలు కలిపి 24 వోల్టుల ఇన్వర్టర్‌కి ఇస్తుంటే టప్పుమని రవ్వ వచ్చిందనీ, 4 చదరపు ఎంఎం తీగ వేడెక్కుతోందనీ రాశావు.

రవ్వ వచ్చేది ఇన్వర్టర్ లోపల కరెంటు నిల్వ చేసే కెపాసిటర్లు ఒక్కసారిగా నిండడం వల్ల. స్విచ్ ఆపినా వస్తుంది. ముందు 25 ఓమ్‌ల, 10 వాట్ల రెసిస్టర్‌ని ప్లస్ తీగకీ టెర్మినల్‌కీ మధ్య రెండు మూడు సెకన్లు ఆనించి, వెంటనే తీగ బిగించు. ఛార్జవుతున్న బ్యాటరీ దగ్గర మాత్రం ఈ పని వద్దు, రవ్వకి అంటుకునే హైడ్రోజన్ వాయువు ఉంటుంది.

నా భయమంతా ఆ తీగ గురించే. 1000 వాట్ల లోడుకి 45, 50 ఆంపియర్లు లాగుతుంది. ఇవాళే విప్పెయ్. 25 చదరపు ఎంఎం రాగి కేబుల్‌కి లగ్గులు (తీగ చివర తొడిగే లోహపు కొనలు) నొక్కించి వెయ్యి. మా పర్లాకిమిడి ఇంట్లో లగ్గు వదులై ప్లాస్టిక్ మూత కరిగి కారింది, అప్పట్నుంచీ నెలనెలా బిగించి చూస్తాను. ప్లస్ టెర్మినల్‌కి జానెడు దూరంలోనే 80 ఆంపియర్ల డీసీ ఫ్యూజు పెట్టు. ఇంట్లో వాడే ఏసీ ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్) ఇక్కడ పనికిరాదు.

టెర్మినళ్ల మధ్య షార్ట్ కాకుండా, పని మొదలుపెట్టే ముందు ఉంగరం తీసెయ్, స్పానర్ పిడికి టేపు చుట్టు. సోలార్ కంట్రోలర్ (ప్యానెల్ నుంచి బ్యాటరీకి ఛార్జింగ్‌ని అదుపు చేసే పెట్టె) ఉంటే, దానికి ముందు బ్యాటరీ తగిలించు, తర్వాతే ప్యానెల్. విప్పేటప్పుడు ముందు ప్యానెల్.