మీరు అడిగారు: కొబ్బరికి తెల్లదోమ

ప్రశ్న: మాది కవిటి దగ్గర పల్లె. 2018 తిత్లీ తుపానుకి సగం తోట పోయింది. మళ్లీ పెట్టిన మొక్కలు ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి. ఇంతలో ఆకుల అడుగున తెల్లటి బూజు, పైన నల్లటి మసి. రెండుసార్లు పురుగుమందు కొట్టించాను, తగ్గినట్టే తగ్గి ఇంకా ఎక్కువైంది. నరికేయమంటున్నారు. నిద్ర పట్టడం లేదండీ.

జవాబు: నరకొద్దండీ, దయచేసి నరకొద్దు. మీరు చూసింది సర్పిలాకార తెల్లదోమ. ఆకు అడుగున గుడ్లను చుట్టలు చుట్టలుగా, మైనం పూసినట్టు పెడుతుంది కాబట్టి ఆ పేరు. మధ్య అమెరికా వైపు పురుగు ఇది, మన దేశంలో 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి ప్రాంతంలో బయటపడింది, తర్వాత మన తోటల్లోకీ వచ్చేసింది. ఆకు రసం పీల్చి తేనెలాంటి బంక వదులుతుంది, ఆ బంక మీద బూజు పెరిగి మసిలా కమ్మేస్తుంది, దాంతో ఆకుకి ఎండ అందక చెట్టు నీరసపడి కాపు తగ్గుతుంది. అంతేగానీ దీనివల్ల చెట్టు చచ్చిపోవడం మామూలుగా జరగదు.

మందు కొట్టాక ఎందుకు పెరిగిందంటే, ఈ దోమ పిల్లల్లో గుడ్డు పెట్టి వాటిని లోపలినుంచి తినేసే చిన్న కందిరీగ జాతి పురుగు ఒకటుంది, పేరు ఎన్‌కార్సియా గ్వాడెలూపే, కంటికి సరిగ్గా ఆనదు కూడా. ఘాటైన మందుకి అదే ముందు చచ్చిపోతుంది. ఒకసారి ఆకు తిరగేసి చూడండి. తెల్లటి వాటి మధ్య నల్లబడిన పిల్లలు కనిపిస్తే మీ తోటలో అది పనిచేస్తున్నట్టే, ఇక ఆ మందుల జోలికి వెళ్లొద్దు. అలాంటి ఆకు ముక్కలు కోసి, ఇదే దోమ ఉండి నల్లబడ్డ పిల్లలు లేని చెట్లకి కట్టండి.

మరీ ఎక్కువగా ఉంటే ఐసేరియా ఫ్యూమోసోరోసియా అనే శిలీంధ్రం లీటరు నీటికి 5 గ్రాములు కలిపి ఆకు అడుగు తడిసేలా సాయంత్రం పూట కొట్టించండి, 15 రోజులకి ఇంకోసారి. దానికి తేమ కావాలి, మిట్టమధ్యాహ్నం కొడితే డబ్బు దండగ. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం వాళ్లు దీని మీద చాలా పనిచేశారు, మీ మండలం ఉద్యాన అధికారిని కలిసి అడగండి. చిన్న మొక్కలైతే మోటారు పైపుతో నీళ్లు గట్టిగా కొట్టినా చాలావరకు రాలిపోతాయి. పసుపు రంగు అట్టలకి ఆముదం రాసి మొక్కల మధ్య కడితే పెద్ద దోమలు వచ్చి అంటుకుంటాయి. మీరొక్కరే చేసి పక్కతోట వాళ్లు ఊరుకుంటే మళ్లీ ఎగిరొచ్చేస్తుంది, అందుకే గట్టుకి అటూ ఇటూ ఉన్నవాళ్లతో మాట్లాడి ఒకే వారంలో చేయించండి. ఇంకోటి, తుపాను తర్వాత ఎక్కడెక్కడినుంచో మొక్కలు తెచ్చుకున్నాం కదా, ఇకనుంచి ఆకు తిరగేసి చూడకుండా ఒక్క మొక్క కూడా బండి ఎక్కించొద్దు.

ప్రశ్న: విజయనగరంలో మా పెరటి జామచెట్టుకీ ఇలాగే ఉంది. దోమ అంటున్నారు, కుడుతుందా? చిన్నపిల్లలున్నారు, టెన్షన్‌గా ఉంది.

జవాబు: కుట్టదమ్మా. పేరులోనే దోమ, అది పీల్చేది ఆకు రసమే. జామ, అరటి, సీతాఫలం మీదకీ వస్తుంది. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు కలిపి ఆకుల అడుగున కొట్టండి. కాయ మీది మసి కడిగితే పోతుంది, శుభ్రంగా కడిగి పిల్లలకి పెట్టండి.