రెండో ఆల్బమ్‌పై వచ్చిన విమర్శ న్యాయమైనదేనా?

ప్రశ్న: అమెరికా నల్లజాతీయుల్లో పుట్టిన బ్లూస్ సంగీతంలో పేరొందిన గిటారిస్టు స్టీవీ రే వాన్ రెండో ఆల్బమ్‌లో సగం పాటలు ఇతరులవేనని విమర్శకులు పెదవి విరిచారట. అయినా శ్రోతలు దాన్ని ఎందుకంతగా ఆదరించారు?

జవాబు: విమర్శలో కొంత నిజముంది. 1984 మే నెలలో ఎపిక్ సంస్థ విడుదల చేసిన ‘కుడంట్ స్టాండ్ ద వెదర్’లోని ఎనిమిది రచనల్లో వాన్ సొంతంగా కూర్చినవి నాలుగే, వాటిలోనూ రెండు గాత్రం లేని వాద్య రచనలు. 1983లో వచ్చిన తొలి ఆల్బమ్ ‘టెక్సస్ ఫ్లడ్’ కోసం ఆయన ఏళ్ల తరబడి టెక్సస్‌లోని ఆస్టిన్ నగర క్లబ్బుల్లో వాయించి సానబెట్టిన సరంజామా సిద్ధంగా ఉండగా, మరుసటి జనవరిలోనే న్యూయార్క్‌లోని పవర్ స్టేషన్ స్టూడియోలో అడుగుపెట్టేనాటికి కొత్త పాటలు రాసుకునే తీరిక ఆయనకు పెద్దగా చిక్కలేదు.

అన్నిటికన్నా ఎక్కువ చర్చకు వచ్చింది రాక్ గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ పాట ‘వూడూ చైల్డ్’. పూర్వుల పాటలను తిరిగి పాడటం బ్లూస్‌లో తప్పు కాదు, అదే ఆ సంప్రదాయానికి ప్రాణం. కానీ హెండ్రిక్స్ ముద్ర అంత గాఢంగా పడిన రచనను దాదాపు అదే నిర్మాణంతో వాయించినప్పుడు పోలిక తప్పదు. లావుపాటి తీగలను అర స్వరం కిందికి దించి వాన్ రాబట్టిన ఆ బరువైన నాదం ఆయనదే అయినా, ఆ పాటలో ఆయన కొత్తగా చెప్పింది తక్కువేనని నా అభిప్రాయం.

అయితే అదే ఆల్బమ్‌లో తొమ్మిది నిమిషాలకు పైగా సాగే ‘టిన్ పాన్ ఆలీ’ కూడా ఉంది. అదీ పరాయి పాటే. వేగానికి పేరుపడిన గిటారిస్టు ఇందులో ఒక్కో స్వరాన్ని ఆచితూచి మీటి, దాని చుట్టూ నిశ్శబ్దాన్ని అలాగే ఉండనిస్తాడు. ఆయన బృందంలోని టామీ షానన్ బేస్, క్రిస్ లేటన్ డ్రమ్స్ ఆ నిశ్శబ్దాన్ని ఎక్కడా చెదరగొట్టవు. అరువు పాటలో సొంత గొంతు వినిపించడమంటే ఇదే. విమర్శకులు పాటల యాజమాన్యాన్ని లెక్కించినంత శ్రద్ధగా దీన్ని విని ఉండవలసింది.

ఆల్బమ్ అమెరికాలో ఆదరణను లెక్కించే బిల్‌బోర్డ్ పట్టికలో 31వ స్థానానికి చేరింది. మొదటిది 38 దగ్గరే ఆగిపోయింది. అదే ఏడాది నవంబరులో మెంఫిస్‌లో జరిగిన డబ్ల్యూ.సి. హ్యాండీ బ్లూస్ పురస్కారాల్లో వాన్‌కు ఎంటర్‌టైనర్ ఆఫ్ ది ఇయర్ గౌరవం దక్కింది. ఒక శ్వేతజాతీయుడికి అది దక్కడం అదే తొలిసారి. పాటలు ఎవరివన్న ప్రశ్న బ్లూస్ లోకాన్ని అంతగా బాధించలేదనే అనుకోవాలి.