అమ్మోనియా గ్యాస్ పీల్చి పది రోజులైనా గొంతు బొంగురు తగ్గలేదు.. ఎక్స్‌రే బాగుంటే సరిపోతుందా?

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర పల్లె. మా ఆయనకు 38 ఏళ్లు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కోల్డ్ స్టోరేజీ దగ్గర పని చేస్తారు. పది రోజుల కింద అమ్మోనియా పైపు లీకై గ్యాస్ ముఖానికి కొట్టింది, కుడి ముంజేతి మీద కూడా చిమ్మింది. తోటివాళ్లు చేతికి నిమ్మరసం పూశారట. ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టి, ఎక్స్‌రే బాగుందని మర్నాడు పంపించేశారు. కళ్ల ఎరుపు తగ్గింది కానీ గొంతు బొంగురు పోలేదు. రాత్రిళ్లు దగ్గు, మెట్లెక్కితే ఆయాసం. చేతి పుండు తెల్లగా ఉంది, నొప్పి లేదంటున్నారు. మిరియాల కషాయం తాగిస్తూ ఆవిరి పట్టిస్తున్నాం. సోమవారం నుంచి డ్యూటీకి రమ్మంటున్నారు. పంపించవచ్చా?

జవాబు: పంపించకండమ్మా. గొంతు గురించి మీకు టెన్షన్ ఉంది, నాకు మాత్రం ముందు ఆ చేతి గురించి చెప్పాలనిపిస్తోంది. కాలిన చోట తెల్లగా ఉండి నొప్పి తెలియడం లేదంటే అది మానుతున్న గుర్తు కాకపోవచ్చు. చర్మంలో నొప్పి తెలిపే నరాల కొసలు కూడా కాలిపోయి ఉండవచ్చు. అలాంటి లోతు గాయం పై మందుతో మానదు, ఒక్కోసారి స్కిన్ గ్రాఫ్టింగ్ (వేరేచోటి చర్మం తీసి అక్కడ అతికించడం) అవసరమవుతుంది. రేపే సర్జన్‌కు చూపించండి.

ద్రవ అమ్మోనియా మైనస్ 33 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది. పైపులోంచి చిమ్మినప్పుడు ముందు చర్మాన్ని గడ్డకట్టిస్తుంది, తర్వాత చర్మపు తడిలో కరిగి క్షారమై కాలుస్తుంది. ఆమ్లం పడితే చాలాసార్లు పైన గట్టి పొర కట్టి లోపలికి పోవడం కొంత ఆగుతుంది. క్షారం అలా కాదు, కొవ్వును సబ్బులా మార్చి కండను కరిగిస్తూ లోపలికి దిగుతుంది. అందుకే కడగడం ఆలస్యమైన ప్రతి నిమిషమూ నష్టమే.

తోటివాళ్లు మంచి మనసుతోనే నిమ్మరసం పూసుంటారు, వాళ్లను తప్పుపట్టను. కానీ క్షారానికి పులుపు విరుగుడు అనే లెక్క ఒంటి మీద పనికిరాదు. ఆ రెండూ కలిస్తే వేడి పుడుతుంది, నీళ్లు పోయాల్సిన సమయమూ పోతుంది. తడిసిన బట్టలు విప్పేసి, కొళాయి కింద ధారగా కనీసం 20 నిమిషాలు కడగాలి, క్షారమైతే ఇంకా ఎక్కువసేపు. కంట్లో పడినా అంతే, రెప్పలు తెరిచి పట్టుకుని కడుగుతూనే ఉండాలి. పొడి సున్నం మీద పడితే మాత్రం ముందు పొడిని దులిపేసి, ఆ తర్వాత నీళ్లు. టూత్‌పేస్టు, పసుపు, ఇంకు ఏవీ వద్దు.

ఇక గొంతు. అమ్మోనియాకు నీళ్లంటే మహా ఇష్టం. పీల్చిన వెంటనే ముక్కు, గొంతు, స్వరపేటికల తడి పొరలోనే ఎక్కువగా కరిగి అక్కడే కాలుస్తుంది. మొదటి 24 గంటల్లో లోపలి వాపు పెరిగి దారి మూసుకుపోవడమే పెద్ద గండం. గాలి పీల్చేటప్పుడు ఈల లాంటి శబ్దం, మింగలేక చొంగ కారడం, గొంతు మారడం కనిపిస్తే వాపు ముదరకముందే గొంతులోకి ట్యూబు వేస్తారు. మీవారు ఆ గండం దాటారు. కానీ పది రోజులైనా బొంగురు పోలేదంటే స్వరతంత్రుల మీద పుండో, మచ్చో ఉందేమో కెమెరా గొట్టంతో చూడాలి. ఈ వారంలోనే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లండి. మధ్యలో ఈల శబ్దం మొదలైతే 108కి ఫోన్ చేయండి.

ఎక్స్‌రే బాగుందన్న మాటతో ఊరుకోవడం నాకు నచ్చదు. గ్యాస్ పీల్చిన తొలి రోజు ఎక్స్‌రే మామూలుగా ఉండటం తరచూ చూసేదే. ఊపిరితిత్తుల్లోని సన్నటి గొట్టాల దెబ్బ దాంట్లో కనబడదు. రాత్రి దగ్గు, మెట్ల మీద ఆయాసం చూస్తే ఆస్తమా లాంటి స్థితి మొదలైందేమోనని నా అనుమానం. ఒక్కసారి గట్టిగా పీల్చినా అలా రావచ్చు, నెలల తరబడి ఉండవచ్చు. గొట్టంలోకి ఊదించే స్పైరోమెట్రీ పరీక్షలో తెలుస్తుంది, ఇన్‌హేలర్లతో చాలామందికి అదుపులో ఉంటుంది. తగ్గిందనుకున్న ఆయాసం కొన్ని వారాలకు మళ్లీ పెరిగితే సీటీ స్కాన్ అవసరం కావచ్చు, సన్న గొట్టాలు మచ్చకట్టి మూసుకుపోయే ప్రమాదం ఉంది. స్టెరాయిడ్ మాత్రలు, యాంటీబయాటిక్స్ మెడికల్ షాపులో అడిగి వాడకండి. అవి ఎవరికి కావాలో పరీక్షించిన డాక్టరే చెప్పాలి.

మరిగే ఆవిరి ఆపేయండి, కాలిన పొరకు ఆ వేడి మంచిది కాదు. ఘాటైన కషాయం కూడా వద్దు. బీడీ, సిగరెట్ ఉంటే ఈ రోజే మానిపించండి. కళ్లు ఎరుపు తగ్గినా ఒకసారి కంటి డాక్టరుకు చూపించాలి, క్షారం తగిలిన కంట్లో తర్వాత ప్రెషర్ పెరగవచ్చు. ఈ విభాగాలన్నీ తిరుగుతారు కాబట్టి తిరుపతి రుయా లాంటి పెద్దాస్పత్రికి వెళ్లడం మేలు. ఈఎస్‌ఐ కార్డు ఉంటే పనిలో జరిగిన ప్రమాదంగా రాయించండి, సెలవు కాలానికి డబ్బు వస్తుంది.

2020 ఆగస్టులో పూతలపట్టు దగ్గర పాల డెయిరీలో ఈ గ్యాసే లీకై మహిళా కార్మికులు ఆస్పత్రి పాలయ్యారు. కోల్డ్ స్టోరేజీలో పనిచేసే ప్రతి ఒక్కరికీ గాలికి ఎదురుగానో, అడ్డంగానో బయటికి పరుగెత్తాలని, దగ్గర నీళ్లుంటే తడిగుడ్డ ముక్కుకు కట్టుకోవాలని ముందే నేర్పాలి.

రేపు వెళ్లేటప్పుడు డిశ్చార్జి చీటీ, ఎక్స్‌రే ఫిల్ము తీసుకెళ్లండి. గ్యాస్‌లో ఎంతసేపు ఉన్నారో, చెయ్యి ఎప్పుడు కడిగారో కాగితం మీద రాసుకోండి. డాక్టరుకు ఆ వివరాలన్నీ మీరే చెప్పండి. ఆయన గొంతుకు ఇప్పుడు విశ్రాంతి కావాలి, గుసగుసగా కూడా మాట్లాడించకండి.