పాత బోర్డు బాగుచేస్తున్న అబ్బాయి, కంగారు పడుతున్న తండ్రి

ప్రశ్న: మా అబ్బాయి పన్నెండో తరగతి పరీక్షలు రాశాడు. తెలిసినవారు వద్దనుకున్న పాత విండ్‌సర్ఫింగ్ బోర్డు (తెరచాప బిగించి నీటి మీద నడిపే పలక) ఒకటి ఇంటికి తెచ్చుకుని, అలాంటి పనిలో ఏ అనుభవమూ లేకుండానే, నెల రోజులుగా దాన్ని బాగుచేస్తూ కూర్చున్నాడు. మేము కృత్రిమ మేధ డిగ్రీలో చేర్పించాలనుకుంటున్నాం. వాడేమో కాంపోజిట్ పదార్థాల (ఫైబర్‌గ్లాస్‌లా రెండు మూడు పదార్థాలను కలిపి చేసేవాటి) ఇంజినీరింగ్ చదువుతానంటున్నాడు. ఆ బోర్డును ఎవరికైనా ఇచ్చేయమని గట్టిగా చెప్పాలా? రెండు కోర్సుల్లో ఏది మంచిదో పోల్చి చెప్పగలరు. – ఒక తండ్రి

జవాబు: మీ ఉత్తరంలో రెండు కోర్సుల పేర్లు ఉన్నాయి గానీ, మీకు నిద్ర పట్టనివ్వనిది ఆ రెండింటిలో ఏదీ కాదని నాకు అనిపిస్తోంది. తన ఈడు పిల్లలందరూ ఏదో ఒక శిక్షణలో చేరిపోతుంటే మీవాడు ఒక్కడూ వెనకబడిపోతాడేమోనన్న భయం ప్రతి వాక్యంలోనూ కనిపిస్తోంది. బోర్డుకు బదులు గిటారునో, పాత రేడియోనో పెట్టి ఇదే ఉత్తరాన్ని ఎందరో తల్లిదండ్రులు నాకు రాశారు. కోర్సుల పోలికకు తప్పకుండా వస్తాను. దానికంటే ముందు మీవాడు చేస్తున్న పని ఎలాంటిదో మీకు వివరించాలి, ఎందుకంటే ‘కూర్చున్నాడు’ అని రాసిన మీరు దగ్గరికి వెళ్లి ఆ పనిని చూసినట్టు లేదు.

విండ్‌సర్ఫింగ్ బోర్డు పైకి ఒకే ముక్కలా కనిపిస్తుంది. లోపల ఏముందో తెలుసుకోకుండా చెయ్యి పెడితే, బాగుపడే మాట అటుంచి, ఉన్నది కూడా పాడవుతుంది. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో ఈ ఆటకు చోటు దక్కిన కాలం నాటి బోర్డుల్లో చాలావాటికి పైన పాలిథిలీన్ ప్లాస్టిక్ తొడుగు, లోపల పాలీయురేథేన్ ఫోమ్ ఉండేవి. పాలిథిలీన్‌కు ఎపాక్సీ రెసిన్ అనే గట్టిపడే జిగురు సరిగా అంటుకోదు కనుక దాని పగుళ్లను అదే రకం ప్లాస్టిక్‌ను కరిగించి అతకవలసి ఉంటుంది. తరువాత వచ్చిన తేలికపాటి బోర్డుల్లో మధ్యన మనం థర్మోకోల్ అని పిలిచే పాలీస్టైరీన్ ఫోమ్, దానిపైన రెసిన్‌తో తడిపి బిగించిన ఫైబర్‌గ్లాస్ పొరలు ఉంటాయి. చవకగా దొరుకుతుంది కదా అని వాటి మీద పాలియెస్టర్ రెసిన్ పోస్తే, అందులోని స్టైరీన్ లోపలి ఫోమ్‌ను కరిగించేస్తుంది. కాబట్టి ‘ఇది దేనితో చేసినది’ అన్న ప్రశ్నకు సమాధానం దొరికేదాకా రెసిన్ డబ్బా మూత తీయని పిల్లవాడు, పదార్థ శాస్త్రంలో మొదటి పాఠం ఎవరూ చెప్పకుండానే నేర్చుకున్నాడన్నమాట.

ఆ తరువాతిది నీటి సంగతి. పాత బోర్డును ముందుగా తూచాలి. తయారైనప్పటి బరువుకంటే బాగా ఎక్కువ తూగితే లోపలికి నీళ్లు చేరాయని అనుమానించాలి. పైభాగమంతా నాణెంతో తట్టుకుంటూ వెళ్తే, పొర గట్టిగా అతుక్కుని ఉన్న చోట ఖంగుమని, ఊడిన చోట డొల్లగా మూగబోయినట్టు వినిపిస్తుంది. ఇదే నాణెం పరీక్షను విమాన భాగాల తనిఖీలోనూ వాడతారని తెలిస్తే మీరు దాన్ని ఇంకొంచెం గౌరవంగా చూస్తారేమో. నీళ్లు సాధారణంగా తెరచాప స్తంభాన్ని బిగించే గాడి దగ్గరో, అడుగున ఉండే రెక్క (ఫిన్) దిగే పెట్టె దగ్గరో, కాలిపట్టీల మరల దగ్గరో దూరుతాయి. చాలా బోర్డులకు లోపలి గాలి బయటికి పోయేందుకు వెంట్ స్క్రూ అనే చిన్న మర ఒకటి ఉంటుంది. దాని గుండా చాలా తక్కువ ఒత్తిడితో గాలి ఊది, సబ్బునీళ్లు పూస్తే, బుడగ లేచిన చోట చిల్లు ఉన్నట్టు. ఒత్తిడి ఎక్కువైతే మాత్రం బాగున్న పొరలు కూడా ఊడిపోతాయి. చిల్లు దొరికాక లోపలి తేమ పోయేదాకా నీడపట్టున ఆరబెట్టాలి, దీనికి వారాలు పట్టవచ్చు. మీవాడు ‘ఖాళీగా’ ఉన్నాడని మీకు తోచిన రోజుల్లో కొన్ని బహుశా ఇవే. తడి ఫోమ్ మీద పొర అతికిస్తే అది నిలవదని తెలిసి ఆగడం పద్ధెనిమిదేళ్ల వయసులో చిన్న విషయమేమీ కాదు.

మీతో కాస్త కఠినంగా మాట్లాడవలసింది ఇక్కడే. బోర్డు ఇచ్చేయమనాలా వద్దా అని అడిగారు గానీ, ఆ పిల్లవాడు చేతులకు ఏం తొడుక్కుంటున్నాడో, ఏ గాలి పీలుస్తున్నాడో ఒక్క మాట కూడా రాయలేదు. గట్టిపడని ఎపాక్సీ, అందులో కలిపే హార్డెనర్ పదే పదే చర్మానికి తగిలితే అలర్జీ పుట్టవచ్చు. ఒకసారి పుట్టాక కొద్దిపాటి తగులుడుకే మళ్లీ మళ్లీ తిరగబెడుతుంది. ఫైబర్‌గ్లాస్‌ను సాండ్‌పేపర్‌తో రుద్దినప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. నైట్రైల్ చేతితొడుగులు, దుమ్మును ఆపే సరైన మాస్కు, కళ్లద్దాలు, గాలి ధారాళంగా ఆడే చోటు, ఇవి సమకూర్చడం మీ బాధ్యత. పని ఆపమని చెప్పడానికి మీకు దొరికిన తీరిక, ఆ పని ఎలా సాగుతోందో చూడడానికి ఎందుకు దొరకలేదు? కోపం తెచ్చుకోకండి, కొడుకు మేలు కోరి ఉత్తరం రాసిన మనిషి కనుకనే మిమ్మల్ని ఇంత సూటిగా అడుగుతున్నాను.

ఎపాక్సీ పనిలో తప్పించుకునే దారి ఉండదు. రెసిన్, హార్డెనర్ పాళ్లను తయారీదారు చెప్పినట్టే తూచి కలపాలి. త్వరగా గట్టిపడుతుందని హార్డెనర్ ఎక్కువ పోస్తే, మిగిలిపోయిన హార్డెనర్ వల్ల అతుకు మెత్తబడి బలహీనమవుతుంది. ఒకే గిన్నెలో ఎక్కువ కలిపి వదిలేస్తే తన వేడికి తానే కాగి పొగలు కక్కుతుంది. దెబ్బతిన్న చోట అంచులను వాలుగా అరగదీసి, ఫైబర్‌గ్లాస్ గుడ్డను ఒక్కో పొరా ముందుదానికంటే కాస్త పెద్దదిగా కత్తిరించి పరిచి, గట్టిపడ్డాక నున్నగా రుద్ది, ఎండకు ఎపాక్సీ పాడవకుండా పైన లేతరంగు పెయింటు వేయాలి. ముదురు రంగు వేస్తే ఎండలో బోర్డు వేడెక్కి, లోపలి గాలి వ్యాకోచించి పొరలు ఉబ్బుతాయి. మొదటిసారి చేసేవారి అతుకు ఒకటి రెండు చోట్ల తప్పకుండా చెడుతుంది. అది చూసి మీవాడు బోర్డును మూలన పడేస్తున్నాడా, చెడిన భాగాన్ని కోసి మళ్లీ మొదలుపెడుతున్నాడా అన్నది గమనించండి. ఏ అభిరుచి పరీక్షా చెప్పలేని విషయం అక్కడ తెలుస్తుంది.

ఇక కృత్రిమ మేధ డిగ్రీ గురించి. ఆ రంగానికి ఆ పేరు స్థిరపడింది 1956లో అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో జరిగిన సదస్సుతో. అప్పటినుంచి ఆశలు ఆకాశాన్నంటిన కాలాలు ఉన్నాయి, 1970లలోనూ 1980ల చివరలోనూ పెట్టుబడులు ఎండిపోయిన కాలాలూ ఉన్నాయి. ఇప్పటి ప్రగతి నిజమైనదే, దాన్ని తక్కువ చేయను. నా అనుమానమంతా ఆ పేరుతో డిగ్రీ స్థాయిలో పుట్టుకొస్తున్న కోర్సుల మీదనే. వాటిలో చాలావాటి పాఠ్యప్రణాళికలను తెరిచి చూస్తే, మామూలు కంప్యూటర్ సైన్స్‌కు చివరి రెండేళ్లలో నాలుగైదు పేపర్లు చేర్చి, పైన కొత్త పేరు అతికించినట్టు కనిపిస్తుంది. ఆ రంగంలో నిలబెట్టేవి లీనియర్ ఆల్జీబ్రా, సంభావ్యత, గణాంకాలు, ప్రోగ్రామింగ్‌లో గట్టి పట్టు. అవి మామూలు కంప్యూటర్ సైన్స్‌లోనూ, గణితంలోనూ, చాలావరకు మంచి ఇంజినీరింగ్ శాఖల్లోనూ వస్తాయి. ఈ ఏడాది నేర్పిన సాధనం పిల్లవాడు బయటికి వచ్చేనాటికి వాడుకలో ఉంటుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. బోధించేవారికి ఆ విషయంలో స్వయంగా పనిచేసిన అనుభవం ఉందో లేదో కనుక్కోకుండా ఫీజు కట్టే తల్లిదండ్రులను చూస్తే నాకు బాధ కలుగుతుంది. మీవాడికి ఆ గణితమంటే ఇష్టముందా? మీ ఉత్తరంలో ఆ సంగతే లేదు. పక్కింటివారు చేర్పించారన్నది మాత్రం ఎక్కడా రాయకపోయినా వినిపిస్తోంది.

మాట ఇచ్చాను కనుక పోలుస్తాను. ఉద్యోగాల సంఖ్య కంప్యూటర్ రంగంలోనే ఎక్కువ, అందులో పోటీ కూడా అంతే ఎక్కువ. కాంపోజిట్ల రంగం చిన్నది, కానీ బోయింగ్ 787 విమానం నిర్మాణపు బరువులో దాదాపు సగం ఈ పదార్థాలే. గాలిమరల రెక్కలు, చాలా పడవలు కూడా మీ ఇంట్లో ఉన్న బోర్డు సూత్రం మీదనే, అంటే మధ్యన తేలికైన పదార్థం, రెండు వైపులా బలమైన పొరలు అన్న పద్ధతిలోనే తయారవుతున్నాయి. వాటి మరమ్మతు కూడా దాదాపు ఇదే క్రమంలో సాగుతుంది. ఏది ‘మంచిది’ అని అడిగితే, మీవాడు కష్టం వచ్చినా వదలకుండా చదవగలిగినదే మంచిదని చెబుతాను. ఇంతకంటే నిక్కచ్చిగా తేల్చే పోలికను ఎవరైనా మీ చేతికి ఇస్తే నమ్మకండి.

మీవాడికి కూడా ఒక మాట. పన్నెండో తరగతి కాగానే కాంపోజిట్లకే పరిమితమైన డిగ్రీలో చేరడం తొందరపాటు. మెకానికల్, ఏరోస్పేస్, మెటీరియల్స్, నౌకా నిర్మాణం వంటి విశాలమైన శాఖలో చేరి, పై చదువులో ఇటు తిరిగితే దారులు మూసుకుపోవు. ప్రోగ్రామింగ్ కూడా నేర్చుకోవాలి, పొరల మధ్య లోపాలను శబ్ద తరంగాలతో కనిపెట్టే పనిలో అది ఉపయోగపడుతుంది. బోర్డుల మరమ్మతునే పూర్తి జీవనోపాధిగా ఊహించుకుంటే మాత్రం జాగ్రత్త అవసరం, ఆ పని రుతువుల మీద, తీరం మీద ఆధారపడుతుంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో పోటీ పడినవి నీటిపైకి లేచి సాగే ఫాయిల్ బోర్డులు. పాత బోర్డులను బాగుచేయించుకునేవారు ఎక్కువగా వాటి మీద మమకారం ఉన్నవారే.

దరఖాస్తుల గడువు తేదీలు మీ ఇద్దరూ కలిసి ఒక కాగితం మీద రాసుకోండి, మిగిలిన సమయాన్ని వాడికి వదిలేయండి. బోర్డు నీటిలోకి దిగే మొదటి రోజు వెంట్ స్క్రూ బిగించారో లేదో చూడండి, లైఫ్ జాకెట్ వేయించండి, ఒడ్డు నుంచి నీటి లోపలికి గాలి వీస్తుంటే మరో రోజుకు వాయిదా వేయించండి. తిరిగి వచ్చాక బోర్డును తుడిచి మళ్లీ తూచమనండి. బరువు పెరిగి ఉంటే ఇంకో చిల్లు మిగిలి ఉన్నట్టే, దాన్ని వెతికేటప్పుడు సబ్బునీళ్ల గిన్నె మీరు పట్టుకోండి.